ఎక్స్‌పో పెవిలియన్ సస్టైనబుల్‌గా ఉండాలంటే ముందు ఏం తేల్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2030 అక్టోబరు నుంచి 2031 మార్చి దాకా రియాద్‌లో జరిగే వరల్డ్ ఎక్స్‌పోలో ఒక చిన్న దేశం పెవిలియన్‌కి (అంటే ఎక్స్‌పోలో ఆ దేశం పెట్టుకునే ప్రదర్శన భవనానికి) మీ హైదరాబాద్ ఆఫీసు, గల్ఫ్‌లోని ఇంకో సంస్థతో కలిసి కాన్సెప్ట్ తయారు చేస్తోంది. సస్టైనబిలిటీ ముఖ్యమని క్లయింటు గట్టిగా చెప్పారు. సోలార్ ప్యానెళ్లా, మొక్కలు పెంచే గోడా (గ్రీన్ వాల్), మట్టి గోడలా, దేని చుట్టూ డిజైన్ నడపాలన్నది మొదటి ప్రశ్న. మన వెదురుతో కట్టొచ్చా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. ఆ మూడూ తరవాతి సంగతులు. ముందు తేలాల్సింది, ఎక్స్‌పో అయిపోయాక ఆ కట్టడం ఎవరి దగ్గరికి వెళ్తుందన్నది. ఎవరు తీసుకుంటారు, ఎక్కడ నిలబెడతారు, విప్పి తరలించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అనేవాటికి జవాబు దొరికాక స్కెచ్ మొదలుపెట్టండి. జవాబు దొరక్కపోతే అద్దె సామానుతో కట్టి, ఎవరిది వాళ్లకి తిరిగిచ్చేసేలా డిజైన్ చేయండి. వెదురు సంగతి చివర్లో చెప్తాను. వాడొచ్చు, కానీ మీరు అనుకుంటున్న చోట కాదు.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. దుబాయ్ ఎక్స్‌పో 2020కి (కరోనా వల్ల అది 2021 అక్టోబరులో మొదలై 2022 మార్చిలో ముగిసింది) కొన్ని దేశాల పెవిలియన్ల కోసం లోకల్ కన్సల్టెంట్ టీమ్‌లో పనిచేశాను. కట్టేటప్పుడూ ఉన్నాను, విప్పేటప్పుడూ ఉన్నాను. ఒసాకా 2025కి ఆఫీసులో కూర్చుని డ్రాయింగ్‌లు చూడడం వరకే. కాబట్టి కింద ఉన్నదాంట్లో బోల్టులు, కంటైనర్లు ఎక్కువ, కాన్సెప్టు తక్కువ. ఆర్కిటెక్టులు ఏమీ అనుకోవద్దు.

ముందు లెక్క చూడండి. మామూలు ఆఫీసు బిల్డింగ్ యాభై ఏళ్లు నడుస్తుంది కాబట్టి దాంట్లో ఏసీ, లైట్ల కరెంటే పెద్ద భారం. మనం చదువుకున్న గ్రీన్ బిల్డింగ్ పాఠాలన్నీ అందుకే కరెంటు చుట్టూ తిరుగుతాయి. పెవిలియన్ నడిచేది ఆరు నెలలు. ఉజ్జాయింపుగా ఒక మధ్యరకం పెవిలియన్‌కి 200 టన్నుల స్టీలు, 600 ఘనపు మీటర్ల కాంక్రీటు అనుకుందాం. తయారీలో వెలువడేది కొత్త స్టీలు టన్నుకి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, కాంక్రీటు ఘనపు మీటరుకి 300 కిలోలు వేసుకోండి. స్టీలుకి 400 టన్నులు, కాంక్రీటుకి 180, మొత్తం 580. ఇక ఏసీ. 100 టన్నుల ప్లాంటు (ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, చల్లబరిచే సామర్థ్యం) రోజుకి 12 గంటల చొప్పున 180 రోజులు ఫుల్ లోడ్ మీద నడిచిందనుకున్నా, టన్నుకి ఒక కిలోవాట్ లెక్కన 2,16,000 యూనిట్లు. యూనిట్‌కి అర కిలో చొప్పున 108 టన్నులు. పైగా రియాద్‌లో అక్టోబరు దాటితే ఎండ తగ్గుతుంది, డిసెంబరు, జనవరి రాత్రుళ్లు 10 డిగ్రీల కిందికి కూడా దిగుతాయి. ప్లాంటు ఫుల్ లోడ్ మీద నడిచే రోజులు తక్కువే.

అంటే మొత్తంలో ఆరో వంతు కూడా లేని కరెంటు మీద మన తెలివంతా పెట్టి, మిగతాదాన్ని జేసీబీకి వదిలేస్తున్నాం. ఇవి నా చేతి లెక్కలు, మీ డిజైన్‌కి మీరే వేసుకోవాలి. అంకెలు మారతాయి గానీ ఏది పెద్దది, ఏది చిన్నది అన్నది మారడం నేను ఇంతవరకు చూడలేదు.

ఒక మినహాయింపు ఉంది. పెవిలియన్ శాశ్వతంగా ఉండిపోయేదైతే ఈ లెక్క తిరగబడుతుంది. దుబాయ్‌లో గ్రిమ్‌షా ఆర్కిటెక్టు ఆఫీసు చేసిన టెర్రా పెవిలియన్, 130 మీటర్ల వెడల్పు సోలార్ గొడుగు ఉన్నది, ఎక్స్‌పో తరవాత కూడా మ్యూజియంగా నడిచేలా కట్టినదే. బయట తిరిగే పలకలతో ఉన్న భారత్ పెవిలియన్ కూడా ఉంచడానికే కట్టారు. మీది అలాంటిదైతే కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ ముందుకి వస్తాయి. స్థలం అద్దె షరతుల్లో ఏముందో క్లయింటుని అడిగి తెలుసుకోండి. చాలా దేశాలకి మాత్రం ప్లాటు ఖాళీ చేసి, పునాదులతో సహా తీసేసి అప్పగించాలనే ఉంటుంది. మీది కూడా అదే అనుకుని మిగతాది రాస్తున్నాను.

హానోవర్ 2000 ఎక్స్‌పోని బాగా చదవండి. ఈ ప్రశ్నకి మూడు రకాల జవాబులు అక్కడే దొరుకుతాయి.

స్విట్జర్లాండ్ పెవిలియన్ ఆ దేశపు ఆర్కిటెక్ట్ పీటర్ జుంతోర్ చేశారు. 20 సెంటీమీటర్లకి 10 సెంటీమీటర్ల లార్చ్, డగ్లస్ ఫర్ చెట్ల దూలాలు, వరసగా పెడితే 144 కిలోమీటర్ల పొడవొచ్చేవి, ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు చేశారు. మేకు లేదు, జిగురు లేదు, బోల్టు కోసం కన్నం కూడా లేదు. పై నుంచి కిందికి స్టీలు కడ్డీలు వేసి, వాటి చివర స్ప్రింగులు పెట్టి బిగించారు. స్ప్రింగులు ఎందుకంటే, అది పచ్చి కలప. ఆరేకొద్దీ దూలం కుంచించుకుపోతుంది, పేర్చిన గోడ ఎత్తు తగ్గుతుంది, మామూలు బోల్టయితే వదులైపోతుంది. స్ప్రింగ్ ఆ తగ్గుదలని మింగేస్తూ అదే బిగువు ఉంచుతుంది. ఆరు నెలలయ్యాక చేతిలో ఉన్నది పాత సామాను కాదు, బాగా ఆరిన కలప. అమ్మేశారు. నా దృష్టిలో ఇప్పటికీ దీన్ని మించిన ఎక్స్‌పో పెవిలియన్ లేదు.

జపాన్ పెవిలియన్ ఆ దేశపు ఆర్కిటెక్ట్ షిగేరు బాన్ చేశారు, జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఓట్టో సాయంతో. కాగితపు గొట్టాల జాలీ, తరవాత మళ్లీ కాగితపు గుజ్జుగా పోవాలని. పునాదికి కాంక్రీటు బదులు ఇసుక నింపిన పెట్టెలు. ఆలోచన అంతా కొస దాకా బిగుతుగా ఉంది. కానీ కాగితం ఒక్కటే మోస్తుందంటే జర్మనీ అధికారులు ఒప్పుకోలేదు. చెక్క కమానులు చేర్చాల్సి వచ్చింది, కాగితపు పైకప్పు పొర మీద పీవీసీ పొర కూడా వేయాల్సి వచ్చింది. ఆయన వద్దనుకున్నదే పీవీసీ. ఆయన పనితనం మీద నాకు చాలా గౌరవం. అందుకే చెప్తున్నాను, అంతటివాడికే పర్మిషన్ దగ్గర బండి ఆగింది.

నెదర్లాండ్స్ పెవిలియన్ ఎంవీఆర్‌డీవీ అనే డచ్ ఆర్కిటెక్టు సంస్థది. అడవి, పూలతోట, చెరువు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పెట్టారు. ప్రపంచమంతా ఫొటోలు వేసుకుంది. ఎక్స్‌పో తరవాత దాన్ని ఏం చేయాలో తేలక ఏళ్ల తరబడి పాడుబడి నిలబడింది. పై మీద గాలిమరలు, లోపల చెట్లు, అయినా అన్నేళ్లూ వారసుడు దొరకలేదు. సస్టైనబుల్‌గా కనిపించడానికీ ఉండడానికీ తేడా చూపించాలంటే మీ క్లయింటుకి ఈ రెండు కాలాల ఫొటోలూ పక్కపక్కన పెట్టండి. చర్చ చాలా తగ్గుతుంది.

ఇప్పుడు తీసుకునేవాళ్ల సంగతి. "ఎక్స్‌పో తరవాత పాఠశాలగా మారుతుంది" అని ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ ఒక స్లయిడ్ ఉంటుంది. దుబాయ్‌లో నేను పనిచేసిన ఒక పెవిలియన్‌కి నిజంగానే ఒక విద్యాసంస్థ ముందుకొచ్చింది. ఫ్రేము ఉచితం అన్నారు, వాళ్లు సంతోషించారు. తీరా విప్పే సమయానికి సముద్ర రవాణా, అక్కడ కొత్త పునాది, అక్కడి భూకంప కోడ్‌కి మళ్లీ డిజైన్ చెకింగ్, పైకప్పుకి ఇన్సులేషన్, ఇవన్నీ కలిపితే కొత్త షెడ్డు కట్టుకోవడమే చవకని తేలింది. వాళ్లని తప్పు పట్టలేం. ఉచితంగా ఇచ్చే ఏనుగుని మేపేదెవరు? కాబట్టి ఒప్పందంలో ముందే రాయాల్సినవి: ఏ భాగాలు ఇస్తున్నాం, ఎక్కడిదాకా తెచ్చి అప్పగిస్తాం, అక్కడి గాలి, భూకంపం, మంచు లెక్కలకి ఫ్రేము సరిపోతుందని ఎవరు సర్టిఫై చేస్తారు. రెండు దేశాల్లో ఏది కఠినమైన కోడో దానికి మొదటి రోజే డిజైన్ చేస్తే స్టీలు కొంచెం పెరుగుతుంది, రెండో జన్మ దొరుకుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. మొత్తం బిల్డింగ్‌ని తరలించాలని పట్టుపట్టకండి. తరలించదగ్గ భాగం ఒక్కటే ఉంటుంది, అది వెళ్తే చాలు. మిలాన్ 2015లో బ్రిటన్ పెవిలియన్ కోసం వుల్ఫ్‌గ్యాంగ్ బట్రెస్ చేసిన ది హైవ్ చూడండి. 17 మీటర్ల ఎత్తు అల్యూమినియం జాలీ, దాదాపు 1,70,000 ముక్కలు. అది 2016లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే బొటానికల్ గార్డెన్‌కి వెళ్లింది, ఇప్పటికీ జనం చూస్తున్నారు. చుట్టూ ఉన్న బార్లు, గదులు వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరమూ లేదు. దుబాయ్‌లో జపాన్ పెవిలియన్ ముందు యూకో నగయామా చేసిన కుమికో (జపాన్ సంప్రదాయ చెక్క అల్లిక) తరహా జాలీ ముఖభాగం కూడా అంతే. దాన్ని విప్పి ఒసాకా 2025లో విమెన్స్ పెవిలియన్‌కి వాడారు, తరవాత యోకోహామాలో 2027 హార్టికల్చర్ ఎక్స్‌పోకి అని ప్రకటించారు. అది కుదరడానికి రెండు కారణాలు. ఒకే రకం గొట్టాలు, ఒకే రకం ముడులు కాబట్టి వేరే ఆకారంలో కూడా కలుస్తాయి. రెండోది, రెండు చోట్లా డిజైనర్ ఒక్కరే. విప్పిన చేయి, మళ్లీ బిగించే చేయి వేరైతే మధ్యలో చాలా పోతుంది.

జాయింట్ల దగ్గరే అంతా తేలిపోతుంది. డ్రాయింగ్‌లో అన్నీ బోల్టులే ఉంటాయి. ప్రారంభోత్సవం తేదీ కదలదు, సైట్ మాత్రం ఎప్పుడూ ఆలస్యమే. చివరి రెండు వారాల్లో కన్నం కలవని చోటల్లా వెల్డింగ్ పడుతుంది. దుబాయ్‌లో ఒక పెవిలియన్ విప్పేటప్పుడు స్పానర్లతో వచ్చిన టీమ్ మొదటి రోజే ఆగిపోయింది. దూలాల్ని కలిపే గస్సెట్ ప్లేట్లు చాలావరకు బోల్టులతో పాటు వెల్డింగ్ కూడా అయ్యున్నాయి, ఎక్కడెక్కడ అన్నది ఏ రికార్డులోనూ లేదు. గ్యాస్ కట్టర్ తెచ్చారు. కట్టర్ పెడితే ప్రతి దూలానికీ రెండు చివర్లా ఓ అడుగు పోతుంది. గ్రిడ్ కొలత (స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం) పోయాక అది దూలం కాదు, కిలోల లెక్కన ఇనుము. అలాగే వెళ్లింది.

అందుకే నేను ఇప్పుడు అడిగేవి: కన్నాలన్నీ కొంచెం పొడుగుగా, సర్దుబాటుకి వీలుగా ఉండాలి. సైట్ వెల్డింగ్‌కి పర్మిట్ ఉండాలి, ప్రతి వెల్డ్ డ్రాయింగ్ మీదకి ఎక్కాలి. డెక్ షీటు (ముడతల ఇనుప రేకు) మీద కాంక్రీటు పోసి స్టడ్‌లతో (పొట్టి ఇనుప మేకులతో) దూలానికి కలిపే పద్ధతి ఈ పనికి వద్దు, విడదీయలేం. ప్లైవుడ్ పలకలో, ముందే పోసిన విడి స్లాబులో పెట్టండి. గాల్వనైజ్డ్ బోల్టు మీద ఫినిషింగ్ పెయింట్ వేయనివ్వకండి, మర మూసుకుపోతుంది.

ఇంకో చిన్న విషయం, చాలామంది నవ్వుతారు గానీ చెప్తాను. ముక్కల నంబర్లు. ఒక పెవిలియన్‌లో ప్రతి ముక్కకీ క్యూఆర్ స్టిక్కర్ అతికించారు, డిజిటల్ మెటీరియల్ పాస్‌పోర్ట్ అని వెబ్‌సైట్ కూడా పెట్టారు. ఆర్నెల్ల ఎండ, ఇసుక, వారం వారం ప్రెషర్ వాటర్‌తో కడగడం. విప్పే సమయానికి దక్షిణం వైపు స్టిక్కర్లన్నీ తెల్ల కాగితాలు. పక్క ప్లాటులో స్టీలు ముక్కలు చేసిచ్చే ఫ్యాబ్రికేటర్ పాతకాలం మనిషి. ప్రతి దూలం ఎండ్ ప్లేటు మీద, ఎప్పుడూ ఒకే మూలలో, పంచ్‌తో అక్షరాలు కొట్టించాడు. వైర్ బ్రష్‌తో రెండుసార్లు రుద్దితే "బి-14-ఉత్తరం" అని వేలికి తగిలేది. ఆ పెవిలియన్ ముక్కలు వరస తప్పకుండా కంటైనర్లలోకి ఎక్కాయి. క్యూఆర్ పెట్టండి, కాదనను. పంచ్ కూడా కొట్టించండి.

వారసుడు దొరకకపోతే ఏం చేయాలన్నది మన ఊళ్లలో టెంట్ హౌస్ వాళ్లకి ఎప్పుడో తెలుసు. పెళ్లికి వెయ్యి మంది కూర్చునే షామియానా సాయంత్రానికి లేస్తుంది, మర్నాడు పొద్దున్నే ఇంకో ఊరు వెళ్తుంది. ఏ గొట్టాన్నీ ఆ పెళ్లి కోసం కోయరు. దుబాయ్‌లో వీ8 ఆర్కిటెక్ట్స్ చేసిన నెదర్లాండ్స్ పెవిలియన్ దాదాపు ఈ పద్ధతే. గోడలుగా నిలబెట్టినవి, తవ్వకాల్లో మట్టి కూలకుండా దించే స్టీలు షీట్ పైళ్లు. లోకల్‌గా తెచ్చుకుని, అయ్యాక మళ్లీ నిర్మాణ పనులకే వెళ్లేలా వాడారు. లోపల శంకువు ఆకారంలో మొక్కల తోట, గాలిలోంచి నీళ్లు తీసే ఏర్పాటు. జనం గుర్తుపెట్టుకున్నది తోటని. నాకు నచ్చింది షీట్ పైళ్లు. రియాద్‌లో ఇన్ని ప్రాజెక్టులు నడుస్తున్నాయి కదా, స్కాఫోల్డింగ్, షీట్ పైళ్లు, రోడ్డు మీద పెట్టే కాంక్రీటు దిమ్మలు, షిప్పింగ్ కంటైనర్లు అద్దెకి దొరక్కపోవు. మీ గల్ఫ్ పార్ట్‌నర్‌ని ముందు ఆ లిస్టు తెమ్మనండి. డిజైన్ ఆ లిస్టులోంచి రానివ్వండి.

అద్దె సామాను కొలతలు పాడుచేయకూడదు: కోయొద్దు, కన్నాలు పెట్టొద్దు, క్లాంపులే. ఈ నియమం ఆర్కిటెక్టులకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఒకసారి అలవాటైతే డిజైన్‌లో ఒక రకమైన అందం కూడా వస్తుంది.

పునాది సంగతి ఎవరూ మాట్లాడరు, ఫొటోలో కనపడదు కాబట్టి. నా పై లెక్కలో 600 ఘనపు మీటర్ల కాంక్రీటులో ఎక్కువ భాగం నేల కిందదే. ఒసాకా ఎక్స్‌పో జరిగిన యుమేషిమా సముద్రంలో పూడ్చి చేసిన దీవి, నేల మెత్తన. అక్కడ బరువే అందరికీ తలనొప్పి అయింది. షిగేరు బాన్ బ్లూ ఓషన్ డోమ్‌ని (అది దేశం పెవిలియన్ కాదు, ఒక సంస్థది) వెదురు, కాగితపు గొట్టాలు, కార్బన్ ఫైబర్‌తో తేలిగ్గా చేసి పైళ్లు (నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు) లేకుండానే నిలబెట్టారు. రియాద్ నేల గట్టిదే, అయినా సూత్రం అదే. పైన టన్ను తగ్గిస్తే కింద కాంక్రీటు తగ్గుతుంది. గాలికి లేచిపోకుండా బరువు కావాలంటే అద్దె దిమ్మలు, నీళ్ల ట్యాంకులు, ఇసుక పెట్టెలు ఉన్నాయి.

అదే ఎక్స్‌పోలో ఆర్కిటెక్ట్ సో ఫుజిమోటో చేసిన గ్రాండ్ రింగ్, దాదాపు 2 కిలోమీటర్ల చుట్టుకొలత చెక్క కట్టడం. ప్రపంచంలో అతిపెద్ద చెక్క నిర్మాణంగా గిన్నిస్‌కి ఎక్కింది. ఎక్స్‌పో నడుస్తుండగా కూడా అందులో ఎంత ఉంచాలి, ఎంత కలప ఎవరికివ్వాలన్న చర్చ సాగుతూనే వచ్చింది. చెక్క వాడినంత మాత్రాన వారసుడు దొరకడని చెప్పడానికే ఇది.

ఇక మీరు అడిగినవి.

ఎండ, చల్లదనం. జనం పెవిలియన్ లోపల ఉండేది ఇరవై నిమిషాలు, బయట క్యూలో గంట పైనే. కాబట్టి మొదటి నీడ క్యూకి కావాలి. అక్టోబరులో రియాద్ ఎండలో నల్ల రాయి పరిచిన క్యూలో నిలబడ్డ మనిషి లోపలికొచ్చాక 20 డిగ్రీల చలి కావాలంటాడు. నీడలో, గాలి ఆడే చోట ఉండి వచ్చినవాడికి 26 చాలు. ఏసీ బిల్లు క్యూలోనే తేలిపోతుంది. లోపల అన్నింటినీ చల్లబరచకండి. దారులు, మెట్లు, దుకాణం నీడలో ఆరుబయటే ఉండనిచ్చి, షో గది ఒక్కటే మూయండి. నడిచే మనిషి సుమారు 130 వాట్ల వేడి వదులుతాడు. గదిలో 200 మంది ఉంటే 26 కిలోవాట్లు, అంటే ఏడు టన్నుల ఏసీ మనుషులకే కావాలి. పైన ప్రొజెక్టర్లు, ఎల్‌ఈడీ గోడ. ఆ గోడని సగం చేస్తే మీ గ్లాస్ స్పెసిఫికేషన్ కంటే ఎక్కువ ఆదా. ఎగ్జిబిషన్ డిజైనర్‌తో గొడవ తప్పదు, పడండి.

దుబాయ్‌లో ఆస్ట్రియా పెవిలియన్ 38 శంకువుల గుంపు, అరబ్బు గాలి గోపురాల స్ఫూర్తితో, లోపల మట్టి పూతతో. చాలా భాగం మామూలు ఏసీ లేకుండా నడిచింది, నేను మధ్యాహ్నం పూట వెళ్లినప్పుడు కూడా హాయిగా ఉంది. దుబాయ్ తీరపు ఉక్కలోనే అది సాధ్యమైతే రియాద్ పొడి గాలిలో ఇంకా తేలిక. రియాద్‌లో మన డెజర్ట్ కూలర్ సూత్రం బాగా పనిచేస్తుంది. ఒకటే ఇబ్బంది, అక్కడి నీళ్లలో ఎక్కువ భాగం గల్ఫ్ తీరంలో ఉప్పు తీసి వందల కిలోమీటర్లు పంపు చేసినవి. తుంపరలు క్యూ చివరి కొంత మేర చాలు, అంతటా వద్దు.

సోలార్. ప్యానెల్ ఆయుష్షు 25 ఏళ్లు, మీ ఎక్స్‌పో ఆరు నెలలు, అంటే రెండు శాతం. ఆకారం కోసం ప్రత్యేకంగా చేయించిన వంపు ప్యానెళ్లు తరవాత ఎవరి కప్పు మీదా కూర్చోవు. పెడితే మార్కెట్లో దొరికే మామూలు సైజువి పెట్టండి, వెళ్లే చోటు ముందే రాయించుకోండి. దుమ్ము తుడవడానికి మనిషి నడిచే దారి వదలండి.

గ్రీన్ వాల్. వద్దు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, రియాద్‌లో సుమారు 100. నీడకి చెట్లే కావాలంటే అక్కడి నర్సరీల నుంచి పెద్ద తొట్లలో ఖర్జూరం, తుమ్మ జాతివి, సిద్ర్ తెప్పించండి. సిద్ర్ మన రేగుకి దగ్గరి చుట్టమే, తక్కువ నీళ్లతో బతుకుతుంది. ఎక్స్‌పో అయ్యాక తొట్టితో సహా నర్సరీకి వెళ్లిపోతుంది.

మట్టి గోడలు. రియాద్‌లో మట్టికి అర్థం ఉంది, పక్కనే దిరియాలో అత్-తురైఫ్ మట్టి కోట యునెస్కో జాబితాలో ఉంది. పగలు వేడి, రాత్రి చలి ఉన్న చోట మందపాటి మట్టి గోడ మంచిదే. కానీ బరువు. పునాది గురించి పైన చెప్పిందంతా గుర్తుందిగా. ఇంకా, కాంట్రాక్టర్ "బలానికి" ఐదు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలుపుతానంటాడు. కలిపితే అది మళ్లీ నేలలో కలిసే మట్టి కాదు, నాసిరకం కాంక్రీటు. బరువు మోయని, తలెత్తు వరకే ఉండే, నీడలో ఉండే గోడలకి సిమెంటు లేని మట్టి వాడండి.

డబ్బు గురించి రెండు ముక్కలు. విప్పే కాంట్రాక్టు కట్టే కాంట్రాక్టుతో పాటే, అదే రోజు సంతకం అవ్వాలి, డబ్బు విడిగా పక్కన పెట్టాలి. ప్రారంభానికి ముందు వచ్చే ప్రతి అదనపు ఖర్చూ ఈ డబ్బు మీదే కన్నేస్తుంది. చివరి నెలలో మీ క్లయింటు దేశం తరఫున పెవిలియన్ చూసే కమిషనర్ ఆఫీసులో సగంమంది స్వదేశం వెళ్లిపోయి ఉంటారు, కొత్తగా డబ్బు మంజూరు చేసే మనిషే దొరకడు. రెండోది కస్టమ్స్. ఎక్స్‌పో కోసం తాత్కాలిక దిగుమతి కింద సుంకం లేకుండా తెచ్చిన సామాను తిరిగి బయటికి పంపాలి, అక్కడే ఇచ్చేయాలంటే సుంకం, కాగితాలు. లోకల్ స్కూలుకి దానం చేద్దామన్న మంచి ఆలోచనలు ఇక్కడ ఆగిపోవడం చూశాను. ఏ వస్తువు ఏ దారిలో వస్తోందో మొదటి బీఓక్యూలోనే (సామాను పరిమాణాల పట్టికలోనే) ఒక కాలమ్ పెట్టండి.

ఇప్పుడు వెదురు. షాంఘై 2010లో భారత్ పెవిలియన్ గోపురం వెదురుతోనే కట్టారు, సాంచి స్తూపం స్ఫూర్తితో, సుమారు 35 మీటర్ల వ్యాసం, పైన మొక్కలు. కాబట్టి "అవుతుందా" అన్న సందేహం అక్కర్లేదు. కానీ షాంఘై తేమ వేరు, రియాద్ వేరు. మన దగ్గర కోసిన వెదురు అంత పొడి గాలికి వెళ్తే నిలువునా పగులుతుంది, ముఖ్యంగా బోల్టు కన్నం దగ్గర. ఫ్రేముగా వాడితే ప్రతి ముడి దగ్గరా క్లాంపు, లోపల మోర్టారు నింపడం, నెల నెలా తనిఖీ. అందుకే మోసే ఫ్రేము అద్దె స్టీలుకి వదిలి, వెదురుని క్యూ మీద నీడ తడికలకి, షో గది బయటి జాలీకి వాడమంటాను. పగిలినా ఎవరి నెత్తి మీదా పడదు, ఒక బద్ద మార్చితే సరి. పురుగు పట్టకుండా చేసే బోరాన్ ట్రీట్‌మెంట్ ఇక్కడే చేయించండి, సర్టిఫికెట్ లేకపోతే పోర్టులోనే ఆగుతుంది. 40 అడుగుల కంటైనర్ లోపలి పొడవు 12 మీటర్లు, ముక్కలు 11.5 దాటకూడదు. ప్యాకింగ్ చెక్కకి కూడా వేడి ట్రీట్‌మెంట్ ముద్ర కావాలి.

అన్నిటికంటే ముందు ఫైర్ టెస్టు. అక్కడి అధికారులు ఒప్పుకునే ల్యాబ్ ఏదో కనుక్కుని, తడిక నమూనాలు ఈ ఏడాదే పంపండి, ఫలితం ఏదైనా డిజైన్ మార్చుకునే టైమ్ ఉంటుంది. రిపోర్టు లేకుండా రెండర్లలో (కంప్యూటర్‌తో గీసిన బొమ్మల్లో) వెదురు చూపించిన ఒక పెవిలియన్ నాకు తెలుసు. ప్రారంభం నాటికి అక్కడ వేలాడినవి వెదురు రంగు వేసిన అల్యూమినియం గొట్టాలు, కణుపులతో సహా.